పరదేశుల పక్షమున నిలిచిన వకీలు

గాంధీగారి పేరు తెలియని ఇల్లు మన సంఘాలలో లేదు. గోడమీద పటం, నోటుమీద బొమ్మ, అక్టోబరు 2వ తేదీ సెలవు అందరికీ తెలిసినవే. అయితే ఆయన మన దేశంలో మహాత్ముడని పేరు పొందక మునుపు ఇంచుమించు ఇరవై ఒక్క సంవత్సరాలు దక్షిణాఫ్రికాలో గడిపారు. అందులో ఎక్కువ కాలం ఆయన పని వకీలు పని. అనుమతి చీటీ లేదని పట్టుబడినవారు, యజమాని చేత దెబ్బలు తిన్న కూలీలు, దేశం విడిచి పొమ్మని హుకుం అందుకున్న చిన్న వర్తకులు ఆయన కక్షిదారులు. వారి కాపురం అక్కడ, ఓటు లేదు. పన్ను కడతారు, మాట చెల్లదు. మన పెద్దలు కూడా గనులకో, రైల్వే పనికో, మిల్లు కూలికో, సిపాయి కొలువుకో ఊరు విడిచి వచ్చినవారే గనుక, గాంధీగారి జీవితంలోని ఈ భాగం మన కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోదగినది.

మనవారు నటాలు చేరిన విధం

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరింది. నటాలు చెరకు తోటలలో పనిచేయడానికి ఒప్పందం మీద వెళ్లిన మొదటి భారతీయులు అందులో ఉన్నారు. అప్పటినుండి 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా స్త్రీ పురుషులు ఆ దారిన వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుండి ఓడ ఎక్కినవారే. గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అందులో వేలమంది. మన బాప్టిస్టు సంఘాలకు చెందినవారూ కొందరు ఉన్నారు. వారిని వెదకుచు, వారి భాషలోనే వాక్యం చెప్పడానికి నెల్లూరు ప్రాంతం నుండి జాన్ రంగయ్యగారు 1903లో నటాలు వెళ్లి, కెర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘాన్ని స్థాపించిన సంగతి మన పెద్దలకు తెలుసు.

ఆ ఒప్పందం ఐదేండ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, ఆపైన ఏటికి ఒక షిల్లింగు పెంపు. మామూలు పనివాడు పని మానితే యజమాని మహా అయితే నష్టపరిహారానికి దావా వేయగలడు. ఒప్పందపు కూలీ పని మానితే అది నేరం, జైలుకు పోవలసిందే. చీటీ లేకుండా తోట దాటకూడదు. యజమాని కొట్టినా, కూడు సరిగా పెట్టకపోయినా ఫిర్యాదు చేయాలంటే కూడా చీటీ కావాలి. ఆ చీటీ ఇవ్వవలసినవాడు ఆ యజమానే. వలసదారుల సంరక్షకుడని ప్రభుత్వ అధికారి ఒకరు ఉండేవారు గాని, ఆయన గుమ్మం దాకా కూలీ చేరడమే కష్టం.

ఒక్క ఏటి కొలువు

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న పోరుబందరులో జన్మించారు. పంతొమ్మిదో ఏట లండను వెళ్లి, 1891లో బారిస్టరు పట్టా పొంది తిరిగి వచ్చారు. బొంబాయిలో మొదటి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి నిలబడి, నోట మాట రాక కూర్చుండిపోయారు. ఆ కేసు మరొకరికి అప్పగించి వచ్చేశారు. పోరుబందరు వర్తకులైన దాదా అబ్దుల్లా కంపెనీవారు దక్షిణాఫ్రికాలో తమకున్న పెద్ద దావాలో సహాయానికి పిలిచారు. రానుపోను మొదటి తరగతి ఓడ చార్జీ, భోజన వసతి, 105 పౌండ్లు. పని ఒక్క సంవత్సరం. 1893 ఏప్రిల్‌లో బయలుదేరి మే నెల ఆఖరున డర్బన్‌లో దిగారు.

పీటర్ మారిట్జ్‌బర్గ్ స్టేషనులో మొదటి తరగతి టిక్కెట్టు చేత ఉండగానే ఆయనను రైలునుండి దింపివేసిన సంగతి బడి పిల్లలకు కూడా తెలుసు. దానికి కొద్దిరోజుల ముందు డర్బన్ కచేరీలో మేజిస్ట్రేటు తలపాగా తీయమంటే, తీయక బయటికి వచ్చేశారు. ఇరవై మూడేండ్ల బారిస్టరుకే ఇలా జరిగితే కూలీ గతి ఏమిటో ఆయనకు ఆ వారం రోజులలోనే బోధపడింది.

ప్రిటోరియాలో దావా చూస్తున్న అటార్నీ ఎ. డబ్ల్యు. బేకరుగారు గొప్ప విశ్వాసి. వకీలు పని చేస్తూనే వాక్యం చెప్పేవారు, సొంత ఖర్చుతో ప్రార్థనాలయం కట్టించారు. ప్రతి దినం ఒంటిగంటకు అక్కడ కొద్దిమంది కూడి ప్రార్థించేవారు. గాంధీగారు ఆ కూడికకు వెళ్లేవారు. కోట్స్ అనే క్వేకరు స్నేహితుడు పుస్తకాలు ఇచ్చి చదివించేవారు. బేకరుగారు ఆయనను వెల్లింగ్టన్ సభలకు కూడా తీసుకొనిపోయారు. గాంధీగారు క్రైస్తవ విశ్వాసంలోనికి రాలేదు. అయినా ఆ విశ్వాసుల స్నేహాన్ని కడవరకు కృతజ్ఞతతో తలచుకున్నారు. జాతిభేదం అంతటా ఉన్న ఆ ఊళ్లో ఆయనను తమ బల్లవద్ద కూర్చుండబెట్టుకున్నవారు వారే.

దాదా అబ్దుల్లాగారి దావా 40,000 పౌండ్లకు. అవతలివాడు ఆయన బంధువే, తయ్యబ్ సేట్. దావా సాగేకొద్దీ ఇరువైపుల సొమ్మూ వకీళ్లపాలవుతోందని గ్రహించి, గాంధీగారు ఇద్దరినీ ఒప్పించి మధ్యవర్తి దగ్గరకు నడిపించారు. దాదా అబ్దుల్లా గెలిచారు. అయితే ఓడిన మనిషి ఒక్కసారి 37,000 పౌండ్లు కట్టలేడు, కట్టమంటే దివాలా తీయాలి. వాయిదాలకు కూడా గెలిచినవారిని ఒప్పించి రెండు ఇండ్లనూ నిలబెట్టారు. చీలిన మనుషులను కలపడమే వకీలు చేయవలసిన పని అని ఆయనకు అక్కడ నిశ్చయమైంది.

వెళ్లవలసినవాడు ఉండిపోయాడు

1894లో పని ముగిసి ఇంటికి బయలుదేరవలసిన సమయంలో, భారతీయుల ఓటు హక్కు తీసివేసే బిల్లు నటాలు శాసనసభలో ఉన్నదని ఆయన పత్రికలో చూశారు. వీడ్కోలు విందుకు వచ్చిన వర్తకులకు ఆ సంగతే తెలియదు. ఒక నెల ఉండి దారి చూపించమన్నారు. ఆ నెల ఇరవై ఏండ్లయింది. పదిహేను దినాలలో పదివేల సంతకాలు సేకరించి లండనులోని మంత్రికి విన్నపం పంపారు. ఆగస్టు 22న నటాలు ఇండియన్ కాంగ్రెసు స్థాపించారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ప్రజల పనికి జీతం పుచ్చుకోనని ఆయన ఖండితంగా చెప్పారు. అయితే బ్రతకాలి గదా! ఇరవైమంది దాకా వర్తకులు తమ సొంత వ్యవహారాలకు ఆయననే వకీలుగా పెట్టుకొని, ఏడాదికి ఇంత అని ముందుగానే ఇచ్చారు. ఆ ఆదాయంతో ఇల్లు గడిచేది, పేదల కేసులు నడిచేవి. కలిగినవాడి దావా లేనివాడి దావాకు ఆధారమైంది.

నటాలు సుప్రీంకోర్టులో పేరు నమోదు చేయమని దరఖాస్తు పెడితే అక్కడి వకీళ్ల సంఘం అడ్డుపడింది. కోర్టు వారి అభ్యంతరాన్ని తోసివేసి 1894 సెప్టెంబరు 3న ఆయనను చేర్చుకుంది. అయితే కోర్టు మర్యాద ప్రకారం తలపాగా తీయమన్నారు. ఈసారి ఆయన తీశారు. స్నేహితులకు అది నచ్చలేదు. తలపాగా కోసం పోరాడే బలాన్ని అంతకంటె పెద్ద పోరాటాలకు దాచుకోవాలని ఆయన అనుకున్నారు.

బాలసుందరం

వకీలుగా చేరి మూడు నాలుగు నెలలు కాకముందే ఒక మనిషి ఆయన కచేరీ గుమ్మంలోకి వచ్చాడు. చినిగిన బట్టలు, నోట రక్తం, ముందరి పళ్లు రెండు విరిగి ఉన్నాయి. తలగుడ్డ చేతిలో పట్టుకొని వణుకుతూ నిలబడ్డాడు. తెల్లవారి ఎదుటకు వెళ్లేటప్పుడు కూలీ తలగుడ్డ తీయాలి, అది అక్కడి అలవాటు. తలగుడ్డ కట్టుకోమని గాంధీగారు మొదట చెప్పారు. పేరు బాలసుందరం, తమిళుడు. కచేరీలో ఉన్న తమిళ గుమాస్తా అతని మాటలు తెలియజెప్పాడు. డర్బన్‌లో పేరున్న తెల్లదొర దగ్గర ఒప్పందపు పని. ఆ దొరే కొట్టాడు.

గాంధీగారు చేసిన పని వరుసగా చూడండి. మొదట డాక్టరు వద్దకు పంపి గాయాల పత్రం తీసుకున్నారు. పిమ్మట బాలసుందరాన్ని నేరుగా మేజిస్ట్రేటు ఎదుటికి తీసుకొనిపోయి ప్రమాణ పత్రం దాఖలు చేశారు. మేజిస్ట్రేటు చూచి కోపించి దొరకు సమను పంపాడు. దొరకు శిక్ష వేయించాలని గాంధీగారి కోరిక కాదు. శిక్ష పడినా బాలసుందరం మళ్లీ ఆ దొర దగ్గరికే పోవాలి గదా! కనుక అతనిని ఆ ఒప్పందం నుండి విడిపించాలని చూశారు. దానికి దారులు రెండే. సంరక్షకుడు ఒప్పందం రద్దు చేయాలి, లేదా యజమాని మరొకరికి బదలాయించాలి. భారతీయులు ఒప్పందపు కూలీలను పెట్టుకొనే వీలు లేదు గనుక, తెలిసిన ఒక యూరోపియనును బతిమాలి ఒప్పించారు. బాలసుందరం బదిలీ అయ్యాడు.

ఇది ఒక్క మనిషి కేసు. కాని ఆ మాట తోటతోటకూ పాకింది. తమ తరపున మాట్లాడే మనిషి ఒకడు ఉన్నాడని కూలీలు మొదటిసారి విన్నారు. గాంధీగారి కచేరీకి వారి రాక మొదలైంది. 1896లో ఆయన మద్రాసు వచ్చినప్పుడు పచ్చయ్యప్ప హాలులో క్రిక్కిరిసిన సభకు ఈ సంగతి చెప్పారు. కూలీల గ్రామాలు ఆ చుట్టుపట్ల జిల్లాలలోనివే గనుక ఆ సభ కదిలిపోయింది.

మూడు పౌండ్ల పన్ను

ఐదేండ్లు నిండిన కూలీ స్వేచ్ఛగా ఉండిపోతే కూరగాయలు పండిస్తాడు, చిన్న దుకాణం పెడతాడు. అది తెల్ల వర్తకులకు కంటగింపు. అందుకని తిరిగి ఒప్పందం చేసుకోవాలి, లేదా దేశం విడిచి పోవాలి, రెండూ చేయకపోతే ఏటికి 25 పౌండ్ల పన్ను కట్టాలి అని నటాలు ప్రభుత్వం తలపెట్టింది. భారత వైస్రాయి ఒప్పుకొన్నది 3 పౌండ్లకు. 1895లో చట్టమైంది. తర్వాత పదహారు నిండిన మగపిల్లలకు, పదమూడు నిండిన ఆడపిల్లలకు కూడా వర్తింపజేశారు. నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 12 పౌండ్లు. నెలకు పద్నాలుగు షిల్లింగులు కూడా రాని ఇల్లు ఎక్కడినుండి తెస్తుంది? కట్టలేనివారు మళ్లీ ఒప్పందంలోకి దిగేవారు. చట్టం ఉద్దేశమూ అదే. ఆ పన్ను తీయించడానికి పంతొమ్మిదేండ్లు పట్టింది.

1896 డిసెంబరులో గాంధీగారు కుటుంబంతో తిరిగి డర్బన్ రేవు చేరారు. రెండు ఓడలలో ఎనిమిది వందలమంది ప్రయాణికులు. బొంబాయిలో ప్లేగు ఉందనే పేరున వారిని ఇరవై మూడు దినాలు దిగనివ్వలేదు. అసలు కారణం ఊరిలోని తెల్లవారి ఆగ్రహం. 1897 జనవరి 13న దిగిన గాంధీగారిని గుంపు చుట్టుముట్టి రాళ్లతో, పిడికిళ్లతో కొట్టింది. పోలీసు సూపరింటెండెంటుగారి భార్య అలెగ్జాండరమ్మగారు తన గొడుగు అడ్డం పెట్టి ప్రాణం కాపాడారు. కొట్టినవారిమీద కేసు పెట్టమని లండను నుండే మంత్రి తంతి కొట్టినా, గాంధీగారు ఫిర్యాదు ఇవ్వలేదు. ఆ ఏడే నటాలు ప్రభుత్వం వలసలను అడ్డుకునే చట్టం తెచ్చింది. దేశంలో అడుగుపెట్టాలంటే యూరపు భాష ఒకదానిలో దరఖాస్తు రాయగలగాలి. ఒప్పందపు కూలీలకు మాత్రం ఆ పరీక్ష లేదు. చేతులు కావాలి గాని అక్షరం వచ్చిన మనిషి వద్దన్నమాట.

జోహానెస్‌బర్గ్‌లో చీటీల వ్యాపారం

1903లో ఆయన ట్రాన్స్‌వాల్‌లో అటార్నీగా చేరి జోహానెస్‌బర్గ్ రిస్సిక్ వీధిలో కచేరీ పెట్టారు. బోయర్ యుద్ధ కాలంలో వెళ్లిపోయిన భారతీయులు తిరిగి రావాలంటే అనుమతి చీటీ కావాలి. ఆ చీటీలిచ్చే ఆసియావాసుల శాఖలో హక్కుదారుకు చీటీ దొరకదు, వంద పౌండ్లు ఇచ్చిన హక్కులేనివాడికి దొరుకుతుంది. గాంధీగారు సాక్ష్యం ఒక్కొక్కటిగా పోగుచేసి పోలీసు కమిషనరుకు అందజేశారు. ఇద్దరు అధికారులమీద కేసు నడిచింది. సాక్ష్యం గట్టిగా ఉన్నా తెల్ల జూరీ వారిని విడిచిపెట్టింది. అయితే ప్రభుత్వం వారిని కొలువునుండి తీసివేసింది, చీటీల శాఖ కొంత శుభ్రపడింది. తర్వాత వారు మునిసిపాలిటీలో పని కోరినప్పుడు గాంధీగారు అడ్డు చెప్పలేదు. తప్పుమీద పోరాడారు గాని మనిషిమీద పగ ఉంచుకోలేదు.

అదే కాలంలో మునిసిపాలిటీవారు భారతీయుల పేటను ఖాళీ చేయించారు. ఇండ్లు పోయినవారి నష్టపరిహారం కేసులు డెబ్బై దాకా ఆయన చేతికి వచ్చాయి. ఒక్కటి తప్ప అన్నీ గెలిచారు. గెలిచినా ఓడినా కేసుకు పది పౌండ్ల రుసుమే. అందులో సగం పేదల ఆసుపత్రివంటి ప్రజల పనికి ప్రత్యేకించాలని ముందే చెప్పారు. కక్షిదారులు ఆయనను అన్నా అనే అర్థంలో భాయి అని పిలిచేవారు.

నిలిచిన కోర్టులోనే ముద్దాయిగా

1906 ఆగస్టులో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం కొత్త చట్టం ప్రకటించింది. ఎనిమిదేండ్లు దాటిన ప్రతి భారతీయుడు పది వేళ్ల ముద్రలు వేసి నమోదు కావాలి. పోలీసు ఎక్కడ అడిగినా చీటీ చూపాలి. చీటీ లేకపోతే జరిమానా, జైలు, దేశబహిష్కారం. సెప్టెంబరు 11న ఎంపైర్ థియేటరులో మూడు వేలమంది కూడి, దేవుని సాక్షిగా ఈ చట్టానికి లోబడమని ప్రమాణం చేశారు. 1907లో చట్టం అమలుకు వచ్చింది. పదమూడు వేలమందిలో గడువు ముగిసేనాటికి నమోదైనవారు అయిదు వందల చిల్లర.

అప్పటినుండి గాంధీగారి వకీలు పని వింతగా మారింది. పట్టుబడినవారి తరపున కోర్టులో నిలిచి, వీరు నేరం ఒప్పుకుంటున్నారని చెప్పి, ఎందుకు ఒప్పుకుంటున్నారో కారణం వినిపించేవారు. 1908 జనవరి 10న ఆయన వంతు వచ్చింది. తాను వకీలుగా ఎన్నోసార్లు నిలిచిన కోర్టులోనే ముద్దాయి బోనులో నిలబడ్డారు. నాయకుడనైన నాకు అందరికంటె ఎక్కువ శిక్ష వేయమని కోరారు. రెండు నెలలు పడింది.

డోక్ పాస్టరుగారు

ఈ చోట మన బాప్టిస్టు సహోదరుడు ఒకరి పేరు చెప్పక తప్పదు. రెవరెండ్ జోసఫ్ డోక్‌గారు 1861లో ఇంగ్లండులోని చడ్లీ ఊరిలో ఒక బాప్టిస్టు కాపరి ఇంట జన్మించారు. 1907లో జోహానెస్‌బర్గ్ బాప్టిస్టు సంఘానికి కాపరిగా వచ్చారు. ఆయన సంఘస్థులందరూ తెల్లవారు. భారతీయుల మాట నిజమా కాదా తెలుసుకోవాలని తానే గాంధీగారి కచేరీకి వెళ్లి పరిచయం చేసుకున్నారు.

జనరల్ స్మట్స్‌తో రాజీ కుదిరి జనవరి 30న గాంధీగారు విడుదలయ్యారు. జనులు స్వచ్ఛందంగా నమోదు కావాలి, ప్రభుత్వం చట్టం రద్దు చేయాలి అని గాంధీగారు అర్థం చేసుకున్న షరతు. ఈ రాజీ నచ్చని మీర్ ఆలం అనే పఠాను, ఒకప్పుడు గాంధీగారి కక్షిదారే, ఫిబ్రవరి 10న నమోదు కచేరీకి పోతున్న ఆయనను వీధిలో కర్రతో కొట్టి పడగొట్టాడు. సంగతి విని వచ్చిన డోక్‌గారు ఆసుపత్రికి పోవాలా, నా ఇంటికి వస్తారా అని అడిగి, తన ఇంటికే తీసుకొనిపోయారు. పది దినాలు ఆ ఇంట గాంధీగారికి సేవ జరిగింది. కొట్టినవారిని విడిచిపెట్టమని ఆయన ఆ పడకమీదనుండే కబురు పంపారు. వేలిముద్రలు కూడా ఆ పడకమీదే వేశారు. ఆ దినాలలో పేద భారతీయులు, చెప్పులకు మట్టితో, మూటలతో, పాస్టరుగారి ముందు గదిలోకి వస్తూ పోతూనే ఉన్నారు. అమ్మగారు, పిల్లలు అందరినీ ఆదరించారు.

మీ సంఘస్థులు కోపించరా, మీ జీతం వారి చేతిలోనిది గదా అని గాంధీగారు డోక్‌గారిని అడిగారు. ప్రార్థన చేసి ఈ పనిలోకి వచ్చానని, సంఘం తన జీతానికి కర్తయే గాని మనస్సాక్షికి కాదని, అవసరమైతే కాపరి పని విడిచిపెట్టగలనని ఆయన సమాధానం సారాంశం. విడువవలసిన అవసరం రాలేదు. 1909లో ఆయన గాంధీగారి మొదటి జీవితచరిత్ర రాశారు. దానికి ముందుమాట రాసిన లార్డ్ ఆంప్టిల్ మన మద్రాసు రాష్ట్రానికి గవర్నరుగా పనిచేసినవాడే. 1913లో డోక్‌గారు ఉత్తర రొడీషియాలోని లాంబా ప్రజల మధ్య సువార్త పనిని చూచి తిరిగి వస్తూ, ఆగస్టు 15న ఉమ్తాలీలో జ్వరంతో ప్రభువునందు నిద్రించారు. ఆయన కుమారుడు క్లెమెంటు, కుమార్తె ఆలివ్ లాంబావారి మధ్య పరిచర్య చేశారు.

దేశం దాటించే శిక్ష

స్మట్స్ చట్టం రద్దు చేయలేదు. 1908 ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో రెండు వేలకు పైగా చీటీలను పెద్ద బానలో వేసి కాల్చారు. జైలు శిక్షకు జనం భయపడటం లేదని చూచి, ప్రభుత్వం పట్టుబడినవారిని పోర్చుగీసువారి డెలగోవా బే రేవు మీదుగా ఇండియాకు పంపసాగింది. ఆస్తి అక్కడే, భార్యాబిడ్డలు అక్కడే, మనిషి మాత్రం మద్రాసు రేవులో. వారిలో కొందరు ఆ దేశంలోనే పుట్టినవారు, మద్రాసులో ఎవరినీ ఎరుగరు. జి. ఎ. నటేశన్‌గారు వారికి కూడు, గుడ్డ, వసతి చూశారు. గాంధీగారి సహచరుడైన పోలాక్ వారితో మాట్లాడి, తిరుగు ఓడ ఎక్కించారు. నారాయణస్వామి అనే యువకుడు అలా తిరిగివస్తే ఏ రేవులోనూ దిగనివ్వలేదు. ఓడమీద చలికి, అలసటకు లోనై 1910 అక్టోబరులో డెలగోవా బేలో చనిపోయాడు.

పోరాటం వీధిలోనే జరగలేదు, కోర్టులోనూ సాగింది. ఛోటాభాయి అనే వర్తకుని కుమారుడు మైనరుగా చట్టప్రకారం దేశంలోకి వచ్చాడు. పదహారేండ్లు నిండగానే నమోదు నిరాకరించి, వెళ్లిపొమ్మన్నారు. ట్రాన్స్‌వాల్ కోర్టులలో ఓడిపోయినా విడువక పై కోర్టుకు వెళ్తే, 1911 జనవరిలో తీర్పు ఛోటాభాయి పక్షాన వచ్చింది. తండ్రితో వచ్చిన బిడ్డను పదహారో పుట్టినరోజున తరిమే పద్ధతి ఆ తీర్పుతో ఆగింది. ఇంతలో గాంధీగారు క్రమంగా వకీలు వృత్తినే విడిచిపెట్టారు. ఒకప్పుడు ఏటికి వేల పౌండ్లు వచ్చిన వృత్తి అది. జైలుకు పోయినవారి కుటుంబాలతో టాల్‌స్టాయ్ ఫారంలో పారపట్టి పని చేయసాగారు.

1913

1913 మార్చి 14న కేప్ కోర్టులో జడ్జి సెర్ల్ ఇచ్చిన తీర్పు ప్రకారం, క్రైస్తవ పద్ధతిలో జరిగి నమోదైన పెండ్లి తప్ప మరి ఏ పెండ్లీ చెల్లదు. అంటే హిందువుల, ముస్లిముల, పార్సీల భార్యలకు దేశంలో అడుగుపెట్టే హక్కు లేదన్నమాట. మన సహోదరుల పెండ్లిండ్లు చెల్లేవే. అయినా పొరుగువాని ఇల్లాలిని ఇల్లాలు కాదన్న చట్టం ఎవరికి సమ్మతం? స్త్రీలు జైలుకు కదిలారు, కస్తూరిబాగారు కూడా వెళ్లారు. న్యూకాసిల్ బొగ్గు గనులలో తమిళ, తెలుగు, ఉత్తరాది కూలీలు పని నిలిపారు. వారి కోరిక మూడు పౌండ్ల పన్ను తీయాలని. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు సరిహద్దు దాటి ట్రాన్స్‌వాల్‌లోకి నడిచారు. చీటీ లేకుండా సరిహద్దు దాటడమే నేరం. దాటడమే వారి విన్నపం. పదహారేండ్ల వల్లియమ్మ జైలులో పట్టిన జ్వరంతో 1914 ఫిబ్రవరిలో చనిపోయింది.

విచారణ కమిషను కూర్చుంది. ఇండియానుండి సి. ఎఫ్. ఆండ్రూస్‌గారు, పియర్సన్‌గారు వచ్చి రాజీకి తోడ్పడ్డారు. 1914లో వచ్చిన చట్టంతో మూడు పౌండ్ల పన్ను పోయింది, భారతీయుల పెండ్లిండ్లకు గుర్తింపు వచ్చింది. జూలై 18న గాంధీగారు ఆ దేశం విడిచారు. 1922లో మన దేశంలో జైలు శిక్ష పడినందున లండను ఇన్నర్ టెంపుల్‌వారు ఆయన పేరును బారిస్టర్ల పట్టీనుండి కొట్టివేశారు. 1988లో, ఆయన చనిపోయి నలభై ఏండ్లయ్యాక, తిరిగి చేర్చారు.

తరచి చూస్తే

ఆయన పనిలో కొరతలు కూడా ఉన్నాయి. మొదటి సంవత్సరాలలో ఆయన విన్నపాలు ఎక్కువగా వర్తకుల తరపున సాగినవి. కూలీల పన్ను పోరాటంలో మొదటి వరుసకు రావడానికి 1913 దాకా పట్టింది. ఆ నేల సొంతదారులైన ఆఫ్రికా ప్రజల బాధను ఆయన ఆ దినాలలో తన వాజ్యంలో చేర్చుకోలేదు. వారిని తక్కువ చేసి రాసిన మాటలూ ఉన్నాయి. డర్బన్‌లో తన ఇంట ఉన్న పంచమ కులంలో పుట్టిన క్రైస్తవ గుమాస్తా గది శుభ్రం చేసే విషయంలో కస్తూరిబాగారిమీద చేయి పట్టి గుమ్మం దాకా లాగిన సంగతి ఆయనే సిగ్గుతో రాసుకున్నారు. ఎంత గొప్పవాడైనా మనిషే. పరిశుద్ధ గ్రంథం కూడా తన భక్తుల తప్పులు దాచదు.

అయినా ఒక మాట నిలుస్తుంది. చట్టం ఎంత కఠినమైనా, దాని ఎదుట మనిషి ఒంటరిగా నిలబడటం వేరు, తనకోసం మాట్లాడే ఒకరితో నిలబడటం వేరు. బాలసుందరానికి డాక్టరు పత్రం, ప్రమాణ పత్రం, కొత్త యజమాని, ఈ మూడూ సమయానికి దొరికాయి కాబట్టే బ్రతుకు నిలిచింది. పరదేశిని గూర్చి లేవీయకాండము 19వ అధ్యాయంలో, ద్వితీయోపదేశకాండము 10వ అధ్యాయంలో ఉన్న ఆజ్ఞలు మన ఆదివారపు బడిలో పిల్లలు నేర్చుకుంటారు. ఆ ఆజ్ఞకు కారణం కూడా అక్కడే ఉంది. ఇశ్రాయేలీయులు తామే ఒకప్పుడు ఐగుప్తులో పరదేశులు. మన సంఘాలు కూడా వచ్చిన మొదటి తరంలో భాష రాక, చీటీ లేక, జామీను ఇచ్చేవాడు లేక ఎన్ని కచేరీల మెట్లు ఎక్కాయో మన తాతలు చెప్పగా విన్నాం. ఇప్పుడు మనకు సొంత ఇండ్లు, చర్చి భవనాలు ఉన్నాయి. మన వీధి చివర ఇటుక బట్టీకి, కట్టడం పనికి నిన్న వచ్చినవారికి అవి లేవు.

న్యాయసేవల చట్టం 1987లో వచ్చి, 1995 నవంబరు 9 నుండి అమలులో ఉంది. స్త్రీలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవారు, పారిశ్రామిక కార్మికులు తమ కేసుకు ఉచితంగా వకీలును కోరవచ్చు. ఆ సెక్షనులో ప్రతి వ్యక్తి అని ఉంది గాని పౌరుడు అని లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఇస్తే చాలు. చదువు వచ్చిన మన యౌవనస్థులు ఆ దరఖాస్తు రాసి పెట్టగలరు, భాష వచ్చినవారు తోడుగా వెళ్లి మాట తెలియజెప్పగలరు. బాలసుందరం కేసులో ఆ తమిళ గుమాస్తా చేసిన పని అదే. అతని పేరు చాలామందికి తెలియదు. అతను నోరు తెరవకపోతే గాంధీగారికి ఆ కేసే లేదు.